రెండు రాష్ట్రాల ఊళ్లు, ఒకే ఓటు: చట్టం ఏమంటుంది?

మన చంద్రపూర్ జిల్లా జివతి తాలూకా కొండల్లో కొన్ని ఊళ్లున్నాయి. వాటిని మహారాష్ట్ర తనవంటుంది, తెలంగాణ తనవంటుంది. పరందోళి, అంతాపూర్, ముకదంగూడ, మహారాజ్‌గూడ, భోలాపటార్ వాటిలోవే. మొత్తం 12 అని కొందరు, 14 అని కొందరు లెక్కగడతారు. తెలంగాణ లెక్కలో ఇవి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం కిందికి వస్తాయి. అక్కడ చాలా ఇళ్లలో రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. ఒకే ఊరికి ఇద్దరు సర్పంచులు. సంఘానికి వచ్చేవారు దీని గురించి తరచూ అడుగుతుంటారు కాబట్టి వివరాలు ఒకచోట రాసి ఉంచుతున్నాం.

పేచీ ఎక్కడ మొదలైంది

రాజురా తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వచ్చాయి. రాజురా మొదట నాందేడ్ జిల్లాలో ఉండి, 1959లో చాందా జిల్లాలో, అంటే ఇప్పటి మన జిల్లాలో కలిసింది. హద్దు గీత ఈ ఊళ్లకు ఇవతలా, అవతలా అన్న దగ్గరే తగాదా. 1960లో మహారాష్ట్ర, 2014లో తెలంగాణ ఏర్పడ్డాయి. రాష్ట్రాల పేర్లు మారాయి గానీ తగాదా అట్లాగే ఉంది.

హద్దు తేల్చేదెవరు

ఏ రాష్ట్రానికి ఏ భూభాగమో రాజ్యాంగం మొదటి షెడ్యూలు చెబుతుంది. హద్దు మార్చే అధికారం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. రెండు రాష్ట్రాల మధ్య తగాదా వస్తే 131వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టు వింటుంది. 2025 జూలైలో మహారాష్ట్ర రెవెన్యూ మంత్రి ఈ 14 ఊళ్లను మన జిల్లాలో కలుపుతామని ప్రకటించారు. అయితే ఒక రాష్ట్రం చేసిన ప్రకటన రెండో రాష్ట్రాన్ని కట్టడి చేయదు.

రెండు చోట్ల ఓటు

2019 లోక్‌సభ ఎన్నికల్లో చంద్రపూర్, ఆదిలాబాద్ స్థానాలకు ఒకే రోజు, ఏప్రిల్ 11న పోలింగ్ జరిగింది. 2024లో చంద్రపూర్‌కు ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న జరిగింది. తేదీలు వేరైతే రెండు చోట్లా వేయవచ్చని అనుకోకూడదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. 1951 చట్టం 62వ సెక్షన్ ప్రకారం, ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే ఆ రెండు ఓట్లూ చెల్లవు.

ఆ ఊళ్లవారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సాగు భూములకు పట్టాల కోసం ఏళ్లుగా తిరుగుతున్నవారు, ఏ ప్రభుత్వం తమదో తేలనప్పుడు రెండు కార్డులూ దాచుకుంటారు. మనను పాలించే హక్కు ప్రభుత్వానికి మన ఓటు వల్లే వస్తుంది. ఇద్దరు పాలకులున్నా అడిగితే జవాబు చెప్పేవాడు లేకపోవడమే అక్కడి అసలు కష్టం.

మన ఇళ్ల సంగతి

వారికి ఆ తిప్పలు హద్దు వల్ల వచ్చాయి. మనకు అట్లాంటి సాకు లేదు. బల్లార్‌పూర్‌లో, ఘుగ్గుస్‌లో, చంద్రపూర్‌లో రెండు మూడు తరాలుగా ఉంటూ, కరీంనగర్ వైపో మంచిర్యాల వైపో సొంతూరి జాబితాలో పేరు అట్లాగే ఉంచుకున్నవారు మనలో ఉన్నారు. మా కార్యవర్గంలో కూడా ఉన్నారు. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని 1950 చట్టం 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. తెలిసి తప్పుడు వివరాలు రాసిస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చేయాల్సింది చిన్న పని. పాత చోట పేరు తీసేయించడానికి ఫారం 7. ఇల్లు మారి పేరు కొత్త చోటికి మార్చుకోవడానికి ఫారం 8. బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా నింపవచ్చు.

అక్కడ పేరు తీసేస్తే తెలుగుదనం పోతుందేమోనని పెద్దవారు కొందరు బాధపడతారు. పోదు. మన భాషను కాపాడుకునే హక్కు 29వ అధికరణం ఇచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటుకు ప్రయత్నించమని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతుంది. రాజురా ఇటు వచ్చిన 1956లోనే ఆ అధికరణం కూడా రాజ్యాంగంలో చేరింది. దాన్ని అడగాల్సింది ఇక్కడి ప్రభుత్వాన్ని. అడగాలంటే మన ఓటు ఇక్కడ ఉండాలి.