భీమిలి దారిలో రోమన్ నాణేలు

సెలవులకి యూరప్ వెళ్ళొచ్చిన మిత్రులు మధ్యధరా సముద్రతీరం గురించి, అక్కడి రోమన్ శిథిలాల గురించి గొప్పగా చెబుతూంటారు. చెప్పవలసిందే. అయితే ఆ రోమన్ల వెండి నాణేలు మన విశాఖపట్నం పక్కన, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీద దొరికాయన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్ళే బీచి రోడ్డుకి కుడివైపు బంగాళాఖాతం, ఎడమవైపు కొండలు. వాటిలో ఒకటి తొట్లకొండ. 1976లో నౌకాదళం వారి విమాన సర్వేలో దీని ఉనికి బయటపడింది. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరపగా సుమారు రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారం, స్తూపాలు, శాతవాహనుల సీసపు నాణేలు, వాటితోబాటు రోమన్ నాణేలు దొరికాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి గనుక తొట్లకొండ, బావులున్నాయి గనుక పక్కది బావికొండ. విహారాలను మరిచిపోయినా ఊరివాళ్ళు నీళ్ళని మరవలేదు! వాననీటిని కొండమీదే నిలవచేసుకున్న ఆ పద్ధతి మాబోటి ఇంజనీర్లకి స్తూపాలకన్నా ముచ్చటగా కనిపిస్తుంది.

ఇక భీమిలి. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు వచ్చి వర్తకం చేసి, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించారు. వారి సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరిది. మన వాంకూవర్ నగరం ఏర్పడింది 1886లో! మన గోగునార ప్రపంచ మార్కెట్లో 'బిమ్లి జూట్' అనే పేరుతో చలామణీ అయింది. గోంగూర పచ్చడి తినేవారంతా ఇది గుర్తుంచుకోవాలి. 1933లో విశాఖ హార్బరు తెరిచాక ఈ రేవు వెనకబడింది. ఇప్పుడు ఊరే విశాఖ మహానగరంలో కలిసిపోయింది.

భీమిలికి ఇవతల ఎర్రమట్టి దిబ్బలున్నాయి. మంచుయుగంలో సముద్రం వెనక్కి జరిగినప్పుడు గాలి పోగుచేసిన ఇసుకని వాన వేల ఏళ్ళపాటు లోయలుగా చెక్కింది. మన పాయింట్ గ్రే దగ్గరి ఇసుక చరియలూ మంచుయుగం నాటివే. దిబ్బల్ని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ మధ్యలోనే, 2024లో, ఇళ్ళస్థలాల కోసం వాటి అంచున యంత్రాలు దింపారు. గొడవయ్యాక పని ఆగింది.

ఇక్కడ మార్పోల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. మస్క్వియం ప్రజల ప్రాచీన గ్రామం ఉన్న చోట 2012లో కాండోల కోసం తవ్వుతుంటే వారి పూర్వీకుల అస్థికలు బయటపడ్డాయి. వారు నెలల తరబడి కాపలా కూర్చుని పని ఆపించి, తర్వాత ఆ స్థలాన్నే కొనుక్కున్నారు. మనమో, ఇండియా వెళ్ళినప్పుడల్లా బీచి రోడ్డులో ప్లాట్లు చూసొచ్చేవాళ్ళం. ఈసారి బేరమాడే ముందు, ఆ ప్లాటు దిబ్బలకి ఎంత దూరమో కూడా అడగండి. పిల్లల్ని తొట్లకొండకి తీసుకెళ్తే పొద్దున్నే బయల్దేరండి, పైన నీడ తక్కువ.