గుణాలను కొలిచే ప్రశ్నావళి: భాష మారితే ఫలితం మారుతుందా?

మనిషి ఎత్తునూ బరువునూ కొలిచే సాధనం ఏ దేశానికి తీసుకుపోయినా ఒకే ఫలితాన్నిస్తుంది. దయ, ధైర్యం, వినయం వంటి గుణాలను కూడా ఆ విధంగా కొలవవచ్చునా అన్నది మనస్తత్వ శాస్త్రంలో పాతికేళ్లుగా పరిశోధన సాగుతున్న ప్రశ్న.

ఇందుకు మూలం అమెరికా శాస్త్రవేత్తలు క్రిస్టఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో వెలువరించిన బృహద్గ్రంథం. మానసిక రుగ్మతలకు వైద్యుల వద్ద ఒక పట్టిక ఉన్నప్పుడు, మనిషిలోని మంచికి మాత్రం ఎందుకుండరాదన్నది వారి ఆలోచన. చైనా, భారతదేశం, ప్రాచీన గ్రీసు సంప్రదాయాలనూ, యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలనూ పరిశీలించి, జ్ఞానం, ధైర్యం, మానవత, న్యాయం, నిగ్రహం, అతీత దృష్టి అనే ఆరు సుగుణాలను గుర్తించి, వాటి కింద 24 గుణాలను చేర్చారు. తొలి ప్రశ్నావళిలో 240 వాక్యాలుండేవి, ఒక్కొక్క గుణానికి పది చొప్పున. ప్రతి వాక్యమూ తనకు ఎంతవరకు వర్తిస్తుందో ఐదు మెట్లలో ఒకదానిని ఎంచుకొని చెప్పాలి.

2006లో 54 దేశాలకు చెందిన 1,17,676 మంది సమాధానాలు ప్రచురితమయ్యాయి. దయ, నిష్పాక్షికత, నిజాయితీ, కృతజ్ఞత పైవరుసలోనూ, వినయం, ముందుజాగ్రత్త, ఆత్మనిగ్రహం అడుగునా నిలిచాయి. దేశం మారినా ఈ వరుస పెద్దగా మారలేదు. అయితే వారంతా ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు ప్రశ్నలకు బదులిచ్చినవారు. పశువులు కాచుకునేవారికీ వేటాడి బతికేవారికీ ఆ లెక్కలో చోటు లేదు. ఆ లోటును గమనించిన రాబర్ట్ బిస్వాస్-డీనర్ కెన్యాలోని 123 మంది మసాయి ప్రజలనూ, ఉత్తర గ్రీన్‌లాండ్‌లోని 71 మంది ఇనుగుయిట్ ప్రజలనూ, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని 519 మంది విద్యార్థులనూ ప్రశ్నించారు. ఈ గుణాలు ఉన్నాయనీ, కోరదగినవేననీ మూడు చోట్లా చాలావరకు అంగీకారం కనిపించింది. ఏ గుణానికి ఎంత విలువ అన్నచోట మాత్రం తేడాలు వచ్చాయి.

అసలు చిక్కు అనువాదంలో ఉంది. 24 గుణాలలో ఇంగ్లీషువారు 'హోప్' అనేది ఒకటి. దానిని తెలుగులో 'ఆశ' అంటే చాలుననిపిస్తుంది. కాని 'నాకు ఆశ ఎక్కువ' అన్న వాక్యానికి ఔనని గుర్తు పెట్టే పెద్దమనిషి ఏ ఊళ్లో ఉంటాడు? ఆశపోతు అంటే మనకు తిట్టు. కన్నడంలో 'ఆసె', తమిళంలో 'ఆశై' ప్రధానంగా కోరికనే తెలుపుతాయి. మంచి జరుగుతుందన్న భావానికి వారు వరుసగా 'భరవసె', 'నంబిక్కై' అంటారు. ఒడియా, మరాఠీలలోని 'ఆశా' మాత్రం ఆ మంచి అర్థంలోనే సాధారణంగా చెల్లుతుంది. సరిహద్దు గ్రామాలలో రెండు భాషలు పలికే ఇళ్లవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

అనువాదాన్ని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, మూలంతో పోల్చిచూసే పద్ధతిని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించారు. మంచి పద్ధతే, కాని 'ఆశ' తిరిగి 'హోప్'గానే వస్తుంది, తప్పు బయటపడదు. అందుచేత వాక్యాన్ని చదివినవారిని, మీకు ఏమని అర్థమైందో సొంత మాటల్లో చెప్పండని అడగడం తప్పనిసరి.

మరొక అడ్డంకిని స్టీవెన్ హైన్ బృందం 2002లో జపాన్, కెనడాలను పోల్చి చూపింది. ఎవరైనా తమను ఇరుగుపొరుగుతోనే పోల్చుకుంటారు. అందరూ కష్టజీవులైన ఊళ్లో కష్టపడేవాడు కూడా తనకు మధ్యస్థమైన మార్కే వేసుకుంటాడు. వినయం సంగతి మరీ విచిత్రం: నిజంగా వినయం గలవాడు 'నేను వినయశీలిని' అన్నచోట పై మెట్టు ఎంచుకోవడం కష్టమే. ఇక సమాధానాలను గణాంక పద్ధతిలో విశ్లేషించినప్పుడు ఆ ఆరు సుగుణాల విభజన చాలా అధ్యయనాలలో నిలబడలేదు. కొన్నింటిలో మూడు వర్గాలు, మరికొన్నింటిలో ఐదు తేలాయి.

పిల్లలకు వేరే ప్రశ్నావళి ఉంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష వాడే పిల్లలకు దానిని ఏ భాషలో ఇవ్వాలన్నది చిన్న విషయం కాదు. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారికి స్వభావ ప్రశ్నావళిని రెండు భాషల్లోనూ ఇచ్చారు. ఇంగ్లీషులో బదులిచ్చినప్పుడు అదే మనుషులు మరింత కలుపుగోలువారుగా, మరింత క్రమశిక్షణ గలవారుగా తేలారు.