తర్వాతి పోటీ ఎవరిది: హెవీవెయిట్ బాక్సింగులో ఒప్పందాల చరిత్ర

వృత్తి బాక్సింగులో అత్యధిక బరువు విభాగమైన హెవీవెయిట్ చరిత్రను సాధారణంగా రింగులో జరిగిన పోటీల వరుసగా రాస్తారు గాని, ఎవరు ఎవరిని ఎదుర్కోవాలో, ఏ పోటీ అసలు జరగకూడదో ముందుగా తేల్చినవి కరారునామాలు. వాటిలోనూ ఆనాటి పోటీకి ఎంత సొమ్ము ఇవ్వాలన్నదానికంటే, గెలిచినవాడి తర్వాతి పోటీ ఎవరి చేతిలో ఉండాలన్న విషయం మీదే ఎక్కువ తగాదాలు నడిచాయి. పోటీని ఏర్పాటు చేసి, మైదానం కుదిర్చి, టికెట్లు అమ్మి, లాభనష్టాలు భరించే వ్యాపారిని ప్రమోటరు అంటారు. బాక్సరు తరఫున ఆ వ్యాపారితో బేరమాడి, సంపాదనలో వాటా తీసుకొనేవాడు మేనేజరు. ఈ ఇద్దరి ప్రయోజనాలూ వేరువేరుగా ఉన్నప్పుడే బాక్సరుకు రక్షణ ఉంటుంది. అవి నిజంగా వేరుగా ఉన్న కాలం ఈ చరిత్రలో తక్కువ.

రేపటి శ్రమను నేడే రాసిచ్చే ఇటువంటి కట్టుబాటు ఒడిశాలోని కోరాపుట్, రాయగడ ప్రాంతాలకు తెలియనిది కాదు. షావుకారు వద్ద అప్పు తీసుకొన్న మనిషి అది తీరేవరకు అతని పొలంలో పని చేయవలసి వచ్చే గోతి పద్ధతి ఇక్కడి కొండజాతుల కుటుంబాలను తరతరాలుగా పీడించింది. అటవీ జరిమానా కట్టడానికి అప్పు చేసి గోతిగా మారిన సుక్రు జాని కథను ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి 1945 నాటి ‘పరజా’ నవలలో చెప్పారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటా ఇటువంటి ఒడంబడికలను రద్దు చేసింది. లక్షల డాలర్లు అందుకొని, వకీలును వెంటబెట్టుకొని సంతకం చేసే బాక్సరును గోతితో సమానం చేయడం గోతి అనుభవించిన బాధకు అన్యాయం చేయడమే అవుతుంది. అయినా, ముందుగా ఇచ్చిన సొమ్ముకు బదులుగా ఒక మనిషి రేపటి దేహశ్రమను కట్టివేయవచ్చునా అన్న ప్రశ్న రెండు చోట్లా ఉన్నదే, అమెరికా న్యాయస్థానాలు హెవీవెయిట్ తగాదాల్లో పదేపదే ఎదుర్కొన్నదీ అదే.

1926 మార్చిలో ఛాంపియన్ జాక్ డెంప్సీ, నల్లజాతి బాక్సరు హ్యారీ విల్స్‌తో పోటీకి చికాగో కొలీజియం క్లబ్బుతో ఒప్పందం చేసుకొన్నాడు. సంతకానికి 10 డాలర్లు, ఆగస్టులో 3 లక్షల డాలర్లు, పోటీకి ముందు మరో 5 లక్షలు, వసూళ్లు 20 లక్షలు దాటితే ఆ పైసొమ్ములో సగం అన్నవి అందులోని షరతులు. డెంప్సీ ఆ మాట తప్పి, సెప్టెంబరులో టెక్స్ రికార్డ్ అనే ప్రమోటరు ఏర్పాటు చేసిన పోటీలో జీన్ టన్నీతో తలపడి, టైటిల్ కోల్పోయాడు. క్లబ్బు వేసిన దావాలో 1932లో ఇల్లినాయిస్ అప్పీలు కోర్టు, జరగని పోటీకి లాభమెంతో ఎవరూ లెక్కకట్టలేరు గనుక ఊహాలాభం ఇప్పించలేమనీ, ఒప్పందానికీ దాని ఉల్లంఘనకూ మధ్య క్లబ్బు పెట్టిన ఖర్చు మాత్రమే అడగవచ్చనీ తీర్పు చెప్పింది. నేటికీ న్యాయ విద్యార్థులు చదివే తీర్పు ఇది. అయితే ఏళ్ల తరబడి ఎదురుచూసినా టైటిల్ పోటీ దక్కని విల్స్‌కు జరిగిన నష్టం ఆ దావాలో విచారణాంశమే కాలేదు, అసలు అన్యాయం జరిగింది అతనికే.

డెంప్సీ ఒప్పందం తర్వాత పదకొండేళ్లకు, రేపటి శ్రమను కట్టివేయవచ్చునా అన్న ప్రశ్న మరింత సూటిగా వచ్చింది. ఛాంపియన్ జేమ్స్ బ్రాడాక్ 1937 జూన్ 3న జర్మనీ బాక్సరు మాక్స్ ష్మెలింగ్‌తో పోరాడేందుకు న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు కట్టుబడి ఉండగా, అతని మేనేజరు జో గౌల్డ్ మరోవైపు జో లూయిస్‌తో పోటీకి ప్రమోటరు మైక్ జేకబ్స్‌తో బేరం కుదిర్చి, పదేళ్లపాటు జేకబ్స్ లాభాల్లో 10 శాతం వాటా రాయించుకొన్నాడు. గార్డెన్ యాజమాన్యం కోర్టుకెక్కినా, బ్రాడాక్ మరెవరితోనూ తలపడరాదన్న షరతు అతని జీవనోపాధిని అసమంజసంగా కట్టివేస్తుందని న్యాయస్థానాలు నిషేధపు ఉత్తర్వు నిరాకరించాయి. ష్మెలింగ్ నిర్ణీత దినాన బరువు తూయించుకొనేందుకు వచ్చినా ప్రత్యర్థి రాలేదు. జూన్ 22న చికాగోలో లూయిస్ ఎనిమిదో రౌండులో బ్రాడాక్‌ను పడగొట్టాడు. టైటిల్ పోతుందని ఊహించి, దాన్ని పోగొట్టుకొనడానికే ముందుగా ధర కట్టించుకొన్న గౌల్డ్ బేరం ఈ చరిత్రలో అత్యంత తెలివైనది.

తగాదా వ్యక్తుల స్థాయి దాటి గుత్తాధిపత్యంగా మారింది లూయిస్ పదవీ విరమణతోనే. 1949లో అతను ఎజర్డ్ చార్ల్స్, జో వాల్‌కాట్, లీ సావోల్డ్, గస్ లెస్నెవిచ్ అనే నలుగురు ముఖ్య పోటీదారుల నుంచి ప్రత్యేక ఒప్పందాలు రాయించుకొని, వాటిని జేమ్స్ నారిస్, ఆర్థర్ విర్ట్జ్‌ల చేతిలోని ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బుకు బదిలీ చేశాడు. ప్రతిఫలంగా లక్షన్నర డాలర్లు, సంస్థలో 20 శాతం వాటా, ఏటా జీతం పొందాడు. ఇకమీదట టైటిల్ కోసం తలపడాలంటే, గెలిస్తే తన తర్వాతి పోటీలన్నీ ఆ క్లబ్బుకే చెందుతాయని ముందుగా రాసివ్వాలి. 1949 జూన్ నుంచి 1953 మే వరకు అమెరికాలో జరిగిన 44 ఛాంపియన్‌షిప్ పోటీల్లో 36 ఆ క్లబ్బు అదుపులోనే జరిగాయి. గుత్తవ్యాపార నిరోధక చట్టం బాక్సింగుకూ వర్తిస్తుందని 1955లో చెప్పిన అమెరికా సుప్రీంకోర్టు, 1959లో ఆ సంస్థను విచ్ఛిన్నం చేయాలన్న కింది కోర్టు ఆదేశాన్ని ఖరారు చేసింది. లూయిస్ మాత్రం ఆదాయపు పన్ను బకాయిల వల్ల 1950లో తిరిగి రింగులోకి రావలసి వచ్చి, తాను ఒప్పందం రాయించుకొని అమ్మిన చార్ల్స్ చేతిలోనే ఓడిపోయాడు.

అన్ని కరారులూ దోపిడీకి రాసినవి కావు. 1960లో యువకుడైన కాసియస్ క్లేతో, అంటే తర్వాతి మహమ్మద్ అలీతో, లూయీవిల్ నగరపు పదకొండు మంది ధనికులు చేసుకొన్న ఒప్పందం అతనికి 10,000 డాలర్ల బయానాతో పాటు సంపాదనలో సగం ఇచ్చి, 15 శాతాన్ని భవిష్యత్తు నిధిగా దాచింది. ఆ తర్వాతి తరంలో ప్రమోటరు డాన్ కింగ్ ప్రాబల్యం పెరిగింది. తన సంపాదనను కాజేశాడంటూ మైక్ టైసన్ 1998లో అతనిపై వేసిన 10 కోట్ల డాలర్ల దావా 2004లో 1.4 కోట్ల డాలర్లకు రాజీ అయింది.

2000లో అమెరికా చేసిన మహమ్మద్ అలీ బాక్సింగ్ సంస్కరణ చట్టం, పోటీ దక్కాలంటే భవిష్యత్తు హక్కులు రాసివ్వాలని బలవంతపెట్టే ఒప్పందాలకు పన్నెండు నెలల గరిష్ఠ గడువు పెట్టి, ప్రమోటరు, మేనేజరు పాత్రలను విడదీసింది. అయితే ఓడిన ఛాంపియన్‌కు మళ్లీ అదే ప్రత్యర్థితో పోటీపడే హక్కునిచ్చే పునఃపోటీ షరతు చెక్కుచెదరలేదు. 2001లో హసీమ్ రహ్మాన్ చేతిలో ఓడిన లెనాక్స్ లూయిస్ ఆ షరతును న్యూయార్కు కోర్టు ద్వారానే అమలు చేయించుకొని, నవంబరులో టైటిల్ తిరిగి గెలిచాడు. 2021లో టైసన్ ఫ్యూరీ, ఆంథొనీ జాషువా పోటీ దాదాపు ఖాయమైన దశలో, ఫ్యూరీ ముందుగా డియోంటే వైల్డర్‌తో మూడోసారి తలపడాలని మధ్యవర్తి తీర్పు రావడంతో ఆ పోటీ ఆగిపోయింది. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించిన ఒలెక్సాండర్ ఉసిక్, హెవీవెయిట్‌లో నాలుగు ప్రధాన బాక్సింగు సంస్థల టైటిళ్లూ ఒక్కడే ధరించిన మొదటివాడయ్యాడు గాని, ఫ్యూరీతో పునఃపోటీకి కట్టుబడి ఉన్నందువల్ల ఒక సంస్థ నిర్దేశించిన ప్రత్యర్థిని ఎదుర్కొనలేక, జూన్ చివరికల్లా ఆ టైటిల్ వదులుకొన్నాడు.