కాలిబాటలో మా వాటా

ముస్లింల గురించి మాట్లాడదాం రండి అని పిలిచినవాళ్లు మమ్మల్ని అడిగేవి ఎప్పుడూ నాలుగే. తలాక్, బుర్ఖా, పాకిస్తాన్, పర్సనల్ లా. ఫుట్‌పాత్ గురించి ఎవరూ అడగలేదు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఈ పక్క నుంచి ఆ పక్కకు ఎట్లా దాటుతున్నారని అడగలేదు. అవి అందరి సమస్యలు, వాటిలో హిందువేమిటి, ముస్లిమేమిటి అంటారు. మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాం.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. చదువుల లెక్కలు, సర్కారు ఉద్యోగాల లెక్కలు అందరూ చూశారు. ఇంకో లెక్క కూడా ఉందందులో. పనిచేసే ముస్లిం మగవాళ్లలో 12 శాతం మంది వీధి వ్యాపారం మీద బతుకుతున్నారు. దేశం మొత్తం సగటు 8 శాతం లోపే. పళ్ల బండి, గాజుల తట్ట, పాత సామాన్ల సైకిలు, టైరు పంక్చర్ల కొట్టు, చెప్పుల దుకాణం – ఇదీ మా రిజ్కు. అదే 2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం అని ఇంకో కాగితం తెచ్చింది. రోడ్లు ఉన్నది మనుషులు కదలడానికే గాని బండ్లు కదలడానికి కాదని అందులో రాసుకున్నారు. ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మాకు కనపడలేదు. చదివితే తెలిసేది, రోడ్డు కార్లదయినప్పుడల్లా ముందు లేచిపోయే బండి ఎవరిదో.

విశాఖపట్నం మొదట్లో నడిచేవాళ్ల ఊరు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో మూడు కొండలు. ఒక కొండ మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా దర్గా. రేవులోకి వచ్చిపోయే ఓడలు దర్గా ఎదురుగా జెండాను మూడుసార్లు ఎత్తి దించేవని పాత జిల్లా గెజిటీరులో ఉంది. ఓడలు నడిపేది ఏ మతంవాళ్లయినా సరే. కొండల కింద కోటవీధి, మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్. కింద కొట్టు, మీద ఇల్లు, ఎదురుగా అరుగు. అజాఁ వినపడేంత దూరంలో ఇల్లుండాలన్నది మాకు పట్టణ ప్రణాళిక. రోజుకు ఐదుసార్లు మసీదుకు నడవాలి. ఎవరైనా పోతే జనాజా నలుగురి భుజాల మీద నడిచి వెళ్లాలి. దూరంగా ఎట్లా ఉంటాం?

దొరలు మాత్రం ఆ ఊళ్లో ఉండలేకపోయారు. ఇరుకు, ఉక్క, జ్వరాలు. ఉత్తరంగా వాల్తేరు మెట్టల మీద పెద్ద పెద్ద ఆవరణల్లో బంగళాలు కట్టుకున్నారు. వాళ్లకు బండ్లున్నాయి, ఆ బండ్లు తోలడానికి మనుషులున్నారు. నడిచే ఊరు కింద, బండ్ల ఊరు మీద. మా లెక్కలో విశాఖ రెండుగా చీలింది అప్పుడే. 1933లో ఓడరేవు తెరిచాక, షిప్‌యార్డూ రిఫైనరీ వచ్చాక ఊరు ఎంత పెరిగినా చీలిక పోలేదు. తర్వాత తర్వాత కింది ఊరిని 'ఇరుకు సందులు' అన్నారు. మా మొహల్లాలను 'ఘెట్టో' అన్నారు. కొత్త కాలనీల్లో మాకు ఇల్లు అద్దెకివ్వరు, ఇవ్వనందుకు ఒకచోట పోగుపడి ఉంటే 'వాళ్లు కలవరండీ' అంటారు.

హైదరాబాద్ కథ కొంచెం వేరు. 1591లో చార్మినార్‌ని నాలుగు దారుల కూడలిలో కట్టి, ఆ వెంటనే చార్ కమాన్లు నిలబెట్టి, ఆ దారుల పొడుగునా బజార్లు వేశారు. ఊరికి నడుమ కోట కాదు, కూడలి. 1908 మూసీ వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి పత్తర్‌గట్టీ కట్టినప్పుడు కూడా కొట్ల ముందు రాతి కమాన్ల నీడ వదిలారు. ఎండలో వానలో జనం నడవాలని. నిజాం పాలనను మేం నెత్తిన పెట్టుకోం. జాగీర్దార్ల కింద నలిగిన రైతుల్లో మావాళ్లూ ఉన్నారు. కానీ నీడ వేసి రోడ్డు కట్టడం తెలుసునన్నది మాత్రం నిజం. ఇవాళ మన జాతీయ రహదారి పక్కన అంత నీడ ఎక్కడుందో చూపించండి.

ఇక కూర్మన్నపాలెం.

'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో 32 మంది పోయారు. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించింది, 1971 జనవరిలో పునాదిరాయి వేసింది. 1992 ఆగస్టులో పీవీ నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశాడు. ఈ మధ్యలో అరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. పొలానికి నడిచి, చెరువుకు నడిచి, గుడికి నడిచి బతికినవాళ్లను తెచ్చి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీల్లో గీతలు గీసి కూర్చోబెట్టారు. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. చాలామందికి ఆర్ కార్డు మిగిలింది. వాళ్లలో ఎక్కువమంది మావాళ్లు కారు. అయినా ఊరు పోవడమంటే ఏమిటో వాళ్లకు వివరించక్కర్లేదు. అందుకే ఇక్కడ మాకు వాళ్లతో మాట కలుస్తుంది.

గేటు లోపల ఉక్కునగరం. సెక్టార్లు, చెట్లు, వెడల్పు రోడ్లు. పిల్లలు బడికి నడిచి వెళ్లొచ్చు. సర్కారు తల్చుకుంటే నడిచే ఊరు కట్టగలదని అక్కడ రుజువైంది. గేటు బయట కూర్మన్నపాలెం. ఒకప్పుడు కూర్మన్న పేరున్న చిన్న పాలెం. ఇప్పుడు కోల్‌కతా–చెన్నై హైవే దాని నడుమ నుంచి పోతోంది. ఒక పక్క గాజువాక, ఆటోనగర్. ఇంకో పక్క దువ్వాడ స్టేషను, ఎగుమతుల జోను. షిఫ్టు మారేవేళ చూడండి. బస్సు దిగినవాళ్లు, సైకిళ్లు, జోనుకు పోయే ఆడపిల్లలు, ఉక్కు లారీలు, అన్నీ ఒక్క కూడలిలోనే. 2005లో గాజువాకను మహా విశాఖలో కలిపారు. నగరమయ్యాం గాని నడిచేవాడికి దారి కాలేదు. ఇక్కడ చాయ్ బండీ, పంక్చర్ కొట్టూ పెట్టుకున్నవాళ్లకు ఒకటే భయం, మళ్లీ ఎప్పుడు కొలతల టేపు తెస్తారో అని.

మరి ఈ కూడలి ఊరిగా ఎప్పుడు మారింది? 2021 జనవరి 27న కేంద్ర క్యాబినెట్ కమిటీ ఉక్కు ఫ్యాక్టరీని నూటికి నూరుపాళ్లు అమ్మాలని నిర్ణయించాక. ఫిబ్రవరి 12 నుంచి కూర్మన్నపాలెం కూడలిలో రిలే నిరాహార దీక్షల శిబిరం. వెయ్యి రోజులు దాటినా టెంటు దిగలేదు. కార్మికులు, నిర్వాసితులు, విద్యార్థులు, ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. లారీల కోసం కట్టిన చోటులో జనం కూర్చునేసరికి అది చావడి అయింది. పక్కన చాయ్ బండి, పేపర్లు, వాదనలు, పరిచయాలు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ వాళ్లు 1962లో స్ట్రోయెట్ అనే బజారు వీధికి కార్లు రానివ్వడం ఆపేసి ఊరి నడిబొడ్డును బతికించుకున్నారని పుస్తకాల్లో రాస్తారు. కూర్మన్నపాలెం ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఇక్కడ ఆర్కిటెక్టు లేడు, టెంటు ఉంది, అంతే తేడా. 2025 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అది ఎందుకొచ్చిందో, ఎంతవరకు నిలుస్తుందో ఎవరి లెక్క వాళ్లకుంది. జనం కూర్చోకపోతే ఆ మాత్రమూ వచ్చేది కాదని మా లెక్క.

ఇప్పుడు 'నడిచే నగరాలు' అనే మాట పెద్దవాళ్ల నోట్లోనూ వినపడుతోంది. మంచిదే. కానీ అనుమానం ఉంది. 2016లో విశాఖ మొదటి స్మార్ట్ సిటీల జాబితాలో వచ్చినప్పుడు బాగుచేయడానికి ఎంచుకున్నది బీచ్ వైపు. మార్నింగ్ వాక్ చేసేవాళ్లకు నడక ఆరోగ్యం. బస్సు చార్జీ మిగుల్చుకోవడానికి నడిచేవాళ్లకు అది లెక్క. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపి నడకదారి చేస్తామని ఏళ్ల తరబడి పనులు జరిగాయి. పొగ తగ్గింది, మినార్లకు మేలు. అయితే అక్కడ గొడవంతా కార్లతో కాదు, తోపుడు బండ్లతో. నడిచేవాడు ఆగి కొనేది ఆ బండి దగ్గరే గదా! దాన్ని తీసేసి రాళ్లు పరిస్తే అది ఫోటోకు పనికొస్తుంది.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఏ ఊళ్లోనైనా టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే సభ్యులు కావాలి. వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. సర్వే చేయకుండా, సర్టిఫికెట్లివ్వకుండా ఎవరినీ లేపడానికి వీల్లేదు. మావాళ్లలో ఎంతమందికి ఈ చట్టం తెలుసు? జుమ్మా తర్వాత మసీదు బయట చందాల గురించి చెబుతారు, దీని గురించి చెప్పరు.

మా తప్పు ఇంకోటి ఉంది. మొహల్లా నడిచేవాళ్లదని ఇందాక గొప్పగా రాశాం. నడిచేది ఎవరు? అరుగుల మీద, హోటల్ ముందు కూర్చున్నది మగవాళ్లు. మా ఆడవాళ్లు ఆ చూపుల మధ్య నుంచి తల దించుకుని దాటాలి. దువ్వాడ జోనులో షిఫ్టు చేసి రాత్రి వచ్చే అమ్మాయికి హైవే ఎంత భయమో, సొంత గల్లీ కొన్నిసార్లు అంతే భయం. లారీలను తిడుతూ దీన్ని దాచిపెట్టలేం.

ఉక్కు ఫ్యాక్టరీ నుంచి కొమ్మాది దాకా మెట్రో వేస్తామంటున్నారు. వేస్తే దాని మొదటి స్తంభాలు లేచేది మా వైపే. స్టేషను మెట్లు కూడలిలో ఏ పక్కన దిగుతాయి? అవతలి పక్క కాలనీవాళ్లు ఎక్కడ దాటుతారు? మెట్ల కింద పళ్ల బండికి, పంక్చర్ల కొట్టుకు గీత గీశారా లేదా? ఆ మ్యాపు వెండింగ్ కమిటీ ముందు పెట్టమని కార్పొరేషన్‌కు అర్జీ రాస్తున్నాం. సంతకాలు శిబిరం టెంటు దగ్గర పరిచయమైనవాళ్ల దగ్గర మొదలుపెట్టాం. తర్వాత బండ్ల దగ్గరకు వెళ్తాం.