మన పాఠంలో లేని సుబ్బారావు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పిల్లలం బట్టీపట్టిన కర్బన రసాయనంలో 1828లో యూరియా తయారుచేసిన వోలర్ ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లేరు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ కనుగొన్నారు. (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు.) మనం చెయ్యెత్తాలన్నా శక్తినిచ్చేది ఆ కర్బన అణువే.

1945లో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. తర్వాత ఆ అణువునే కాస్త మార్చి చేసిన మందు మెథోట్రెక్సేట్. దాన్ని ఫోలిక్ యాసిడ్ అనుకుని పట్టుకున్న కణం విభజన చెందలేక ఆగిపోతుంది. రక్త క్యాన్సర్‌కూ వాడతారు. కీళ్లవాతానికి మా బ్యాచ్ అమ్మాయి ఇప్పుడు వారానికోసారి వేసుకునేది అదే. కొత్తపేట మందుల షాపులో కొంటుంది. మనవాడి మందని చెబితే, "మన టెక్స్ట్‌బుక్‌లో లేడే!" అంది.