తెరకు అవతలి ముఖాలు

వీడియో కాల్‌లో తెలుగు పాఠం చెబుతూ, కెమెరాలు ఆపేసిన పిల్లల నల్లని గళ్ళను చూసినప్పుడల్లా నాకు ‘సైట్’ ప్రయోగం స్ఫురిస్తుంది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. పాఠం ఆకాశం నుండి దిగివచ్చేది. పిల్లవాడి సందేహం పైకెళ్ళే దారి మాత్రం లేదు. అయితే ఆ ముఖంలోని తికమకను గమనించడానికి బడిలో పంతులుగారైనా ఉండేవారు (నాకు ఆ భాగ్యమూ లేదు!).

నేడు దారి రెండువైపులా ఉంది. అయినా నేను ఏకధాటిగా ప్రసారమే చేస్తున్నానని ఆలస్యంగా గ్రహించాను. మొన్న పద్యం మధ్యలో ఆపి, ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను. మూడో పిలుపుకు ఒక కెమెరా వెలిగింది.