మలబార్ బార్బెట్: మర్రిపండు తిండి, ఎండుకొమ్మ ఇల్లు

పడమటి కనుమల సతత హరిత అడవుల్లో ఉండే చిన్న పండ్లపిట్ట మలబార్ బార్బెట్. శాస్త్రీయ నామం సైలోపోగన్ మలబారికస్. పొడవు సుమారు 17 సెంటీమీటర్లు, పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఒళ్లంతా ఆకుపచ్చ, నుదురు, గొంతు, కంటి చుట్టూ ముదురు ఎరుపు. గోవా ప్రాంతం నుంచి దక్షిణ కేరళ దాకా, సుమారు 1,200 మీటర్ల ఎత్తు వరకు కనిపిస్తుంది. ప్రపంచంలో మరెక్కడా లేదు.

కంసాలి పిట్టకు చుట్టం

రాగిరేకు మీద సుత్తితో కొట్టినట్టు ‘టుక్ టుక్’మని కూసే కంసాలి పిట్ట తెలుగు ఊళ్లకు కొత్త కాదు. ఇది దాని దగ్గరి బంధువే. అయితే కంసాలి పిట్ట గొంతు పసుపు, పొట్ట మీద చారలు. మలబార్ బార్బెట్ గొంతు ఎరుపు, పొట్ట మీద చారలుండవు. కూత మరింత మెత్తగా, వేగంగా సాగుతుంది. 1847లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఆ తర్వాత చాలాకాలం శ్రీలంక బార్బెట్‌లో ఉపజాతిగా లెక్కించారు. ఇప్పుడు విడి జాతిగా గుర్తిస్తున్నారు.

అడవికి విత్తనం

మర్రి, జువ్వి జాతుల పండ్లు దీని ప్రధాన ఆహారం. ఈ చెట్లన్నీ ఒకేసారి కాయవు. ఒకటి ఉడిగేసరికి మరొకటి పండుతుంది. అందుకే మిగతా పండ్లు దొరకని నెలల్లోనూ పిట్టలకు తిండి ఉంటుంది. తిన్న పండ్ల గింజలను ఇవి దూరంగా విసర్జించి కొత్త మొక్కలకు కారణమవుతాయి. ఉసుళ్లు లేచినప్పుడు వాటినీ పట్టి తింటాయి. గూడు అల్లవు; ఎండి మెత్తబడిన కొమ్మను ముక్కుతో తొలిచి అందులో గుడ్లు పెడతాయి.

తోట మారితే...

అంతర్జాతీయ ఎరుపు జాబితాలో ఈ పిట్టకు ప్రమాద సూచిక లేదు. అడవి చెట్ల నీడన పెరిగే కాఫీ తోటల్లోనూ బతకగలగడం దీనికి కలిసొచ్చింది. కానీ కొడగు వంటి చోట్ల ఆ నీడ మారుతోంది. స్థానిక చెట్ల స్థానంలో అరకు తోటల్లోనూ కనిపించే ఆస్ట్రేలియా చెట్టు సిల్వర్ ఓక్ వస్తోంది. త్వరగా పెరుగుతుంది, కలప డబ్బు తెస్తుంది, మిరియాల తీగకు ఆసరా ఇస్తుంది. కానీ బార్బెట్ తినే పండు మాత్రం కాయదు. తోట శుభ్రం పేరిట ఎండుకొమ్మలు నరికేస్తే గూటికీ చోటుండదు. దూరం నుంచి తోట పచ్చగానే కనిపిస్తుంది. పిట్టకు కావాల్సిన మర్రి, మోడు మాత్రం అందులో ఉండవు.